స్టాఫ్‌కి జ్వరమొస్తే జీతం పట్టుకోవాలా? చిన్న షాపులోళ్లు ఎట్ల చేస్తాండారు?

పాతూరు బట్టలాయన (అనంతపురం)
అందరికీ నమస్కారం. మాది బట్టల షాపు, నాయన పెట్టింది, ఇప్పుడు నేనూ మా అన్నా చూసుకుంటాండాం. స్టాఫ్ 14 మంది, ఎక్కువ ఆడపిల్లలే, జీతాలు ఇంచుమించు 12,000. నాయన కాలం నుంచి రూల్ ఒకటే, రాని దినానికి కోత, సీజన్లో నాగా పెడితే డబల్ కోత.

శ్రావణంలో ఏమైందంటే చీరల కౌంటర్లో పాప ఒకామె కండ్లకలకతోనే వచ్చేసింది, నల్లద్దాలు పెట్టుకుని. ఇంటికి పోమ్మా అంటే "జీతం పట్టుకుంటారు కదన్నా" అని చీరలు విప్పుతానే ఉంది, అద్దాల కింద నుంచి నీళ్లు కారతాంటే చున్నీతో తుడుచుకునేది, అదే చేత్తో పట్టుచీర తీసి కస్టమర్ భుజం మీద వేసి చూపించేది. వారం తిరిగేలోపల సగం కౌంటర్ ఇంట్లో కూర్చుంది, అదీ వరలక్ష్మీ వ్రతం ముందర. ఉండేవాళ్లు చాలక జనాలు చూసి చూసి పక్క షాపుకి పోయినారు.

జీతంతో సిక్ లీవు పెడదామని నేనంటే మా అన్న "పెట్టి చూడు, రోజుకొకరికి కడుపునొప్పి వస్తాది" అంటాడు. ఎన్ని దినాలు ఇయ్యాల, డాక్టర్ చీటీ అడగాలా, అమలు చేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండప్పా.

లెక్కల సుబ్బయ్య (కర్నూలు)
అన్నా, మీరూ మీ అన్నా కూర్చుని పెడదామా వద్దా అని తేల్చుకునేదేం లేదు ఇందులో, చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988లోనే ఏడాదికి 12 దినాలు సిక్ లీవు, ఇంకో 12 దినాలు క్యాజువల్ లీవు జీతంతో ఇయ్యమని రాసిపెట్టినారు, 240 దినాలు పని చేసినోళ్లకి అది కాక ఇంకో 15 దినాలు. నేను షాపులకి లెక్కలు రాస్తాను, లేబర్ లైసెన్స్‌కి ఫ్రేమ్ కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలిస్తారు, దాని రూల్స్ ఏందని అడిగినోడు ఇంతవరకు నాకు కనపడలా.

ఇంక ఖర్చు. 12,000 జీతమంటే దినానికి 400, పన్నెండు దినాలకి 4,800, పద్నాలుగు మందికి కలిపి 67,200. అదీ అందరూ ఒక్క దినం కూడా మిగల్చకుండా వాడేస్తేనే. మీ శ్రావణం ఒక వారం వ్యాపారం ఎంతో మీకే తెలుసు, పక్కన పెట్టి చూసుకోండి.

ఇంకోటి, 10 మంది దాటినారు కాబట్టి ఈఎస్ఐ, అదే సర్కారు నడిపే ఉద్యోగుల బీమా, కట్టాల. 21,000 లోపు జీతాలకి ఓనర్ వాటా 3.25 శాతం, వర్కర్ వాటా 0.75, అంటే ఒకరికి మీరు నెలకి 390, ఆ పాప 90. ఆరు నెలల్లో 78 దినాలకి కట్టి ఉంటే జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 దినాల దాకా జీతంలో 70 శాతం ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు. కాకపోతే కొత్తగా జబ్బు పడినప్పుడు మొదటి రెండు దినాలు లెక్కలోకి రావు. మన షాపుల్లో వచ్చేదంతా ఆ రెండు దినాల జ్వరమే కదా, అది ఓనరే చూసుకోవాల. ఈఎస్ఐ ఉంది కదా సిక్ లీవు ఎందుకు అనేవాళ్లకి ఈ ముక్క తెలీదు.

టిఫిన్ సెంటర్ రెడ్డి (కడప)
చట్టం చదివితే బాగానే ఉంటాది సార్. నా దగ్గరికి వచ్చి చూడండి, ఆదివారం సాయంత్రం మందు కొట్టినోడికి సోమవారం పొద్దున జ్వరం. ఆరు గంటలకి ఇడ్లీ దించాల, మాస్టర్ ఫోన్ స్విచ్ ఆఫ్. వానికి జీతం కూడా ఇచ్చి పడుకోబెట్టాలంటే నేను షట్టర్ మూసుకుని వాని కాళ్లు పిసకాల. షోరూములకి సరిపోతాయి ఇట్లాంటివి, మాకు కాదు.

స్టాఫ్ నర్సు (కర్నూలు)
రెడ్డన్నా, తాగి పడుకునేవాడు జీతం కట్ చేసినా పడుకుంటాడు, ఇప్పుడు మీరు కట్ చేస్తానే ఉన్నారు కదా, మానినాడా మరి? ఆ కోత తగిలేది నిజంగా జబ్బు పడినోళ్లకే. మీ మాస్టర్‌కి వాంతులు విరేచనాలు పట్టుకున్నాయనుకోండి, జీతం పోతుందని చెప్పకుండా వచ్చి చట్నీ కలిపితే, ఆ పూట తిన్నోళ్లు ఒకటి రెండు దినాల్లో మా వార్డులో ఉంటారు. టైఫాయిడ్, కామెర్లు కొన్ని రకాలు చేతుల మీదుగా తిండిలోకి పోయేవే. హోటల్లోనే ముందు పెట్టాల్సింది ఈ లీవు, బట్టల షాపు తర్వాత సంగతి.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే టీబీ ఏమో గళ్ల పరీక్ష చేయించుకోమని ఎన్నిసార్లు చెప్తామో. ఒక పూట లీవు పెడితే కూలి పోతుందని నెలల తరబడి రారు, వచ్చేసరికి ఇంట్లో పిల్లలకి కూడా అంటి ఉంటుంది.

డాక్టర్ చీటీ అడిగినారు కదా. ఒకటి రెండు దినాలకి అడగొద్దన్నా. 400 జీతం కోసం ఓపీ ఫీజు కట్టి, జ్వరంతో క్యూలో కూర్చుని, అవసరం లేని ఇంజెక్షన్ ఒకటి వేయించుకుని రావాల్నా? మూడు దినాలు దాటితే అడగండి.

లెక్కల సుబ్బయ్య (కర్నూలు)
నర్సమ్మ చెప్పింది కరెక్టే. దొంగ జ్వరాల భయం ఉంటే వాడుకోని లీవులకి ఉగాదికి డబ్బులు ఇచ్చేయండి, అప్పుడు ఎవరూ ఊరికే వాడరు.

స్టాఫ్ నర్సు (కర్నూలు)
అయ్యో, అదే వద్దు సార్. డబ్బులొస్తాయంటే మళ్లీ ఆ పాప నల్లద్దాలు పెట్టుకుని వస్తాది. డబ్బులు ఇయ్యాలనుంటే ఆ 15 దినాల లీవుకి ఇయ్యండి, సిక్ లీవు జోలికి పోవద్దండి.

జీన్స్ కుట్టే అక్క (రాయదుర్గం)
మీరంతా నెల జీతాల గురించి మాట్లాడ్తాండారు. మా ఊర్లో జీన్స్ కుట్టుడంతా పీస్ రేటు, కుట్టినన్నిటికే డబ్బులు. పాకెట్లు ఒకరు, జిప్పు ఒకరు, నడుంపట్టీ ఒకరు, మధ్యలో ఒకరు రాకపోతే లైనంతా ఆగుతాది కాబట్టి రాకుంటే ఓనర్ కంటే ముందు పక్క మిషనామె తిడ్తాది. మా పిల్లోనికి జ్వరమొస్తే బట్టల మూట మీద పడుకోబెట్టి కుట్టినా, ఆ నీలం రంగు నా చేతికి అంటి వాని నుదురంతా అయింది తడి గుడ్డ వేసి తీసి వేసి తీసి. పాత ఫ్యాక్టరీల చట్టంలో 30 మంది కంటే ఎక్కువ ఆడోళ్లు ఉంటే పిల్లల్ని చూసుకునే గది పెట్టాలని ఉండేదంట, మా షెడ్డులో అంతమంది ఉంటే కదా. పది మంది లేరు కాబట్టి ఈఎస్ఐ కూడా లేదు. మాలాంటోళ్లకి జీతం లీవు ఎట్ల లెక్క కడతారో ఎవరన్నా చెప్పండి ముందు.

లెక్కల సుబ్బయ్య (కర్నూలు)
అక్కా, పీస్ రేటుకి కూడా లెక్క కట్టొచ్చు, ముందు నెల సంపాదనని పని చేసిన దినాలతో భాగిస్తే దినానికి సగటు వస్తాది, లీవు దినానికి అది ఇస్తే సరి. లెక్క కష్టం కాదు, మీ ఓనర్ చేత ఇప్పించేదే కష్టం.

బళ్లారి రోడ్డు బాషా
మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉన్నాడు, అక్కడ అన్నీ ఇస్తారనుకుంటాం మనం. ఈ లీవు జీతంతో ఇయ్యాలని ప్రైవేటోళ్లందరికీ వర్తించే కేంద్ర చట్టమే లేదంట వాళ్లకి. 1993లో ఒకటి చేసినారు, 12 వారాల లీవు, జీతం లేకుండా, అదీ 50 మంది ఉండే కంపెనీల్లో. మొదట శాన్ ఫ్రాన్సిస్కో ఊరోళ్లు 2006లో ఓట్లేసి సిక్ లీవు తెచ్చుకున్నారు, తర్వాత 2011లో కనెక్టికట్ రాష్ట్రం చేసింది. మనకి 1988 నుంచి కాగితం మీద ఉండేదాన్ని వాళ్లు ఊరూరా కొట్లాడి తెచ్చుకుంటాండారు. రెడ్డన్న డైలాగులే అక్కడి హోటలోళ్లూ కొట్టింటారు, రాసిస్తా 😀

పాతూరు బట్టలాయన (అనంతపురం)
అందరికీ థ్యాంక్స్. 67,200 లెక్క అన్న ముందర పెట్టినా, ఏం మాట్లాడలా, పేపర్ మడిచి గల్లాలో పెట్టుకున్నాడు. సుబ్బయ్య సార్, ఇంకో డౌట్. మా స్టాఫ్‌లో ఇద్దరు ఆడపిల్లలకి పెండ్లిళ్లు కుదిరినాయి. రేపు కాన్పులంటే ఆరు నెలల జీతం మేమే కట్టాలంటారు, అందుకే పెండ్లైనోళ్లని తీసుకోవద్దని మా అన్న పాయింట్.

లెక్కల సుబ్బయ్య (కర్నూలు)
మీ అన్నకి సగమే చెప్పినారు ఎవరో. 2017 నుంచి మొదటి రెండు కాన్పులకి 26 వారాలు, నిజమే. అయితే ఆ పాపకి ఈఎస్ఐ ఉండి, అంతకు ముందు ఏడాదిలో 70 దినాలకి కట్టి ఉంటే ఆ 26 వారాల జీతం పూర్తిగా ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు, మీ గల్లాలోంచి పోదు. కట్టకుండా తప్పించుకునే ఓనర్లకే ఆ భారం. కాన్పు లీవులో ఉన్నప్పుడు పనిలోంచి తీసేస్తే అది వేరే కేసు, ఆ పని మాత్రం చెయ్యొద్దు. మీ 14 మంది ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు రెడీ పెట్టుకోండి, రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే. పెండ్లిళ్లు ఎప్పుడో చెప్పండి, ఆ ఇద్దరి పేర్లు ముందు ఎక్కిద్దాం.