ఆన్‌లైన్ థెరపీ: డబ్బు దండగా, పనికొస్తుందా?

గోదారిపిల్ల:
తణుకు దగ్గర పల్లెటూరు మాది. కాన్పయి ఏడు నెలలు. రాత్రి పాప పడుకున్నా నాకు నిద్ర రాదు, ఏడిస్తే గుండె దడ. పీహెచ్‌సీ డాక్టరమ్మ సైకాలజిస్టుతో మాట్లాడమంది. రాజమండ్రి వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది, ఎక్కడికని అత్తయ్యకి చెప్పాలి. యాప్‌లలో సెషన్‌కి వెయ్యి పైనే అడుగుతున్నారు. ఎవరిని నమ్మాలి?

కాజీపేట జంక్షన్:
దండగ అమ్మా, కట్టొద్దు. మనిషి ఎదురుగా కూర్చుంటేనే వైద్యం. మా ఆవిడ కోసం ఒక యాప్‌లో మూడు నెలల ప్యాకేజీకి తొమ్మిది వేలు కట్టాను. నాలుగు సెషన్లకే మాట్లాడే థెరపిస్టుని మార్చేశారు, కొత్తావిడ మళ్లీ మొదట్నుంచి చెప్పమంది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. పేరు ముందు డాక్టర్ అని ఉంది, తీరా చూస్తే ఒక్క మాత్ర కూడా రాయలేదు.

రాత్రి షిఫ్ట్:
అన్నా, అది ప్యాకేజీ తప్పు, ఫోన్ తప్పు కాదు. నేను కువైట్‌లో నర్సుని, రెండేళ్లుగా వీడియోలోనే థెరపీ తీసుకుంటున్నా. ఇక్కడ ఇంగ్లీషులో ఆస్పత్రి పని చెయ్యగలను గానీ గుండెల్లో గుబులుగా ఉందని చెప్పలేను, అందుకే తెలుగావిడని వెతుక్కున్నా.

చెల్లీ, మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన ఆ స్పెషాలిటీ చేసినవాళ్లు. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో చేసే వైద్యం) నిబంధనల ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. మందులు రాయకుండా మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ అయితే, వాళ్లని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన నంబర్ అడుగు, వాళ్ల సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం చిన్న కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టుకుంటున్నారు, ఏం చదివారో మొహమాటపడకుండా అడుగు. ఒక్క సెషన్‌కే కట్టు. నీకు నువ్వు గానీ పాపకి గానీ హాని చెయ్యాలన్న ఆలోచన వస్తే మాత్రం యాప్‌లు చూస్తూ కూర్చోకు, ఇంట్లో ఎవరినైనా లేపి అప్పటికప్పుడు ఆస్పత్రికి పో.

కాజీపేట జంక్షన్:
మాత్ర రాయలేనివాళ్లు డాక్టర్ అని ఎందుకు రాసుకోవాలి? దీనికి జవాబు చెప్పండి ముందు.

మామిడితాండ్ర:
పీహెచ్‌డీ చేస్తే రాసుకుంటారు సార్. ఆవిడ అడిగింది అది కాదు కదా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 కి ఫోన్ చెయ్యండి అక్కా, 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు.

కాజీపేట జంక్షన్:
పీహెచ్‌డీ ఎందులో? జనం డాక్టర్ అంటే మందులిచ్చే డాక్టరే అనుకుంటారు, మోసం అక్కడే మొదలు.

రాత్రి షిఫ్ట్:
పొద్దుట్నుంచీ అదే పట్టుకున్నారు. ఒక తల్లి నిద్ర లేక అల్లాడుతుంటే మీకు బోర్డు మీది అక్షరాల గొడవ. అసలు మీ ఆవిడకి తగ్గిందా లేదా, అది చెప్పండి.

కాజీపేట జంక్షన్:
తగ్గింది. అయితే? వారానికోసారి తలుపేసుకుని గంటసేపు మాట్లాడేది, హాల్లో టీవీ సౌండ్ తగ్గిస్తే మధ్యమధ్యలో నా పేరు వినబడేది. పద్దెనిమిదేళ్ల కాపురం నాది. ఊరూ పేరూ తెలియని మనిషికి చెప్పింది నాకెందుకు చెప్పలేదు? ఆస్పత్రి అయితే నేనూ పక్కన కూర్చునేవాణ్ణి.

రాత్రి షిఫ్ట్:
అక్కడా లోపల ఆవిడతో ఒంటరిగానే మాట్లాడతారన్నా. మీరు పక్కనుంటే ఆవిడ నోరు విప్పేదా? తలుపవతల చెవి పెట్టిన మనిషి ఉన్నాడని తెలిస్తే నేనైతే వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తా.

కాజీపేట జంక్షన్:
చెవి పెట్టలేదు. వినబడింది.

గోదారిపిల్ల:
గొడవ పడకండి. నా ఇబ్బందీ అదే, మా ఇంట్లో గడియ ఉన్న గది ఒక్కటే, అందులో మావయ్యగారు పడుకుంటారు. నిన్న బట్టలు ఆరేసే వంకతో డాబా ఎక్కి 14416 కి చేశాను. కౌన్సెలర్ అరగంట పైనే మాట్లాడింది. తడి చీర భుజం మీదే ఉండిపోయింది. సైకియాట్రిస్టుకి ఒకసారి చూపించుకోమంది, పాలిస్తున్నానని తప్పకుండా చెప్పమంది. ఆ తర్వాత సెషన్లు ఫోన్లో పెట్టుకోవచ్చంది.

కాజీపేట జంక్షన్:
మీ ఆయనకి చెప్పారా అమ్మా?

గోదారిపిల్ల:
ఇంకా లేదండీ. గురువారం ఆస్పత్రికి తోడు మా అమ్మ వస్తోంది.