యాక్సిడెంట్ అయింది, పెద్దమనుషులు రాజీ కాగితం రాసుకుందాం అంటున్నారు. ఏం చేయాలి?

టెక్కలి కోడలు:

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం టెక్కలి నుంచి విజయనగరం వస్తున్నాం. కారు నేనే నడుపుతున్నాను, పక్కన మా అత్తగారు. నరసన్నపేట దాటాక, మడపాం టోల్‌గేటు ఇంకా రాకముందు, డివైడర్ ఖాళీలోంచి ఒక బైకు రాంగ్ రూటులో ఎదురొచ్చింది. గట్టిగా బ్రేకు వేశాను. అయినా కారు కుడి మూల తగిలి ఆ అబ్బాయి పడిపోయాడు. 108 వచ్చి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. మోకాలి కింద ఎముక విరిగిందట. కూలి పనికి వెళ్లే మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు.

పోలీసులు వచ్చేలోపే ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. కేసు వద్దు, ముప్పై వేలు ఇచ్చి కాగితం రాసుకుంటే ఇద్దరికీ మంచిదని చెప్పి మా ఫోను నంబరు తీసుకుని పంపించారు. ఈరోజు సాయంత్రం రమ్మన్నారు. మావారు హైదరాబాదులో ఉన్నారు, ఇచ్చేసి వదిలించుకో అంటున్నారు. నాకు మాత్రం ముప్పై వేలతో ఆ కాలు బాగవుతుందా అని మనసు ఒప్పుకోవడం లేదు. ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ సరిగానే ఉన్నాయి. అత్తగారికి పొద్దుటి నుంచి కడుపులో కొంచెం నొప్పిగా ఉందట, బెల్టు నొక్కింది అంతే అంటున్నారు.

సోంపేట నుంచి, పాత 108 ఉద్యోగి:

అమ్మా, రాజీ సంగతి తర్వాత. ముందు మీ అత్తగారిని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లి కడుపు స్కానింగ్ చేయించండి. సీటు బెల్టు ప్రాణం కాపాడుతుంది, కానీ ఆ ఊపుకి పొట్ట నొక్కుకుని లోపల ప్లీహమో కాలేయమో చిట్లిన వాళ్లను నేను చూశాను. పైన చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ కనిపించదు. రక్తం లోపల నెమ్మదిగా కారుతుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటారు. నొప్పి ఎక్కువైనా, భుజం లాగుతున్నా, ఒళ్లు చల్లబడి చెమట పడుతున్నా ఒక్క నిమిషం ఆగవద్దు. తలకు ఏమైనా తగిలిందేమో కూడా అడగండి. వాంతులు, మగత, పెరిగే తలనొప్పి మర్నాడు బయటపడవచ్చు. పెద్దవాళ్లు ఖర్చుకు భయపడి ఏమీ లేదని అంటారు. ఆ మాట వినవద్దు.

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఇదే హైవే మీద పనిచేశాను కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. గుద్దుకున్న వెంటనే ఇంజను ఆపి, నాలుగు దీపాలూ వెలిగేలా స్విచ్ వేసి, నడవగలిగిన వాళ్లందరూ రోడ్డు దిగి పక్కకు వెళ్లాలి. కారు డిక్కీలో ఉండే ఎర్ర త్రికోణం కనీసం యాభై మీటర్లు వెనక పెట్టాలి. మొదటి ప్రమాదంలో చిన్న దెబ్బలతో బయటపడి, రోడ్డు మీద నిలబడి వాదించుకుంటుండగా వెనక లారీ తగిలి పోయిన వాళ్లున్నారు. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే.

108కి ఫోను చేసినప్పుడు ఊరి పేరు చెబితే చాలదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద అంకె చెప్పండి, శ్రీకాకుళం వైపు వెళ్లే దారా, పలాస వైపు వెళ్లే దారా అన్నది చెప్పండి. డివైడర్ అవతల దారిలోకి అంబులెన్సు వస్తే తిప్పుకుని రావడానికి ఎంత సమయం పోతుందో ఆలోచించండి. జాతీయ రహదారి మీద 1033కి కూడా చేయవచ్చు.

పడిన మనిషిని జాలితోనే చంకల కింద ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకుని ఆటోలో కుక్కుతారు. మెడో వెన్నో దెబ్బతిని ఉంటే ఆ ఎత్తడంలోనే జీవితాంతం మంచాన పడవచ్చు. మంటో, మళ్లీ బండి తగిలే ప్రమాదమో ఉంటే తప్ప కదపకండి. ఊపిరి ఆడుతున్నంత సేపూ హెల్మెట్ తీయకండి. నీళ్లు పట్టకండి, ఆపరేషను అవసరం కావచ్చు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, అంబులెన్సు వచ్చేదాకా చెయ్యి తీయకుండా ఉంటే అదే పెద్ద సాయం.

శ్రీకాకుళం కోర్టు పని మీద ఉండేవాడిని:

ఆ కాగితం మీద సంతకం పెట్టకండమ్మా. మీకూ మంచిది కాదు, ఆ అబ్బాయికి అసలే కాదు.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు గాయపడిన వాళ్లకు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల లోపు పోలీసులకు చెప్పాలి, ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేయాలి. నిన్న సాయంత్రం జరిగిందన్నారు కాబట్టి ఈరోజే స్టేషనుకు వెళ్లండి. జనం కొట్టేలా ఉంటే అక్కడ ఆగనవసరం లేదని అదే సెక్షను చెబుతుంది. అప్పుడు తిన్నగా దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లడమే పారిపోకుండా ఉండటం.

ఇక ఆ ముప్పై వేల సంగతి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. 164వ సెక్షను కింద తప్పెవరిదని నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు రావాలి. 2019 సవరణతో వచ్చిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇచ్చేది మీరు కాదు, మీ ఇన్సూరెన్సు కంపెనీ. థర్డ్ పార్టీ ప్రీమియం కట్టేదే ఇందుకు. పోలీసు రికార్డు లేకపోతే ఆ కుటుంబం దాన్ని అడగడం చాలా కష్టం. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర దాకా, గుర్తించిన ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం చేయాలి. దానికీ పోలీసుల ధ్రువీకరణ కావాలి. పెద్దమనుషులు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు, కానీ వాళ్ల కాగితంతో ఈ రెండు తలుపులూ మూసుకుపోతాయి.

టెక్కలి కోడలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అత్తగారికి స్కానింగ్ అయింది, లోపల ఏమీ లేదన్నారు, ఒక రాత్రి ఉంచుకుంటామన్నారు. కేసు పెడితే నన్ను అరెస్టు చేస్తారా? కారు ఎన్నాళ్లు స్టేషనులో ఉంటుంది?

శ్రీకాకుళం కోర్టు పని మీద ఉండేవాడిని:

ఇలాంటి గాయాల కేసులో సాధారణంగా పెట్టే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, అంటే నేరాల చట్టం) 281, 125 సెక్షన్లు బెయిలు ఇవ్వదగినవి. భయపడవద్దు. బండిని బ్రేకు ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు ఇవ్వాలి. ఆ పని అయ్యాక 24 గంటల్లో తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆలస్యమైతే అడగండి. ఇన్సూరెన్సు సర్వేయరు చూసేదాకా రిపేరుకు ఇవ్వకండి. ఫిర్యాదులో బైకు ఎటు నుంచి వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయండి. నా తప్పే అనీ రాయవద్దు, అంతా అతని తప్పే అనీ రాయవద్దు.

పొందూరు మాస్టారు:

ఒక్క మాట అమ్మా. రోడ్డు పక్క హోటళ్లు, పెట్రోలు బంకుల కెమెరాల్లో పాత రికార్డు మీదే కొత్తది పడిపోతుంటుంది. రేపు అంటే ఉండకపోవచ్చు. ఫుటేజీ భద్రపరచమని ఈరోజే ఎస్సైగారిని రాతపూర్వకంగా అడగండి. చూసినవాళ్లు ముందుకు రాకపోతే చెప్పండి: గాయపడిన మనిషికి సాయం చేసినవారికి 134ఎ సెక్షను రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని, సాక్షిగా ఉండమని వాళ్లను బలవంతపెట్టకూడదు. మా పిల్లలకు నేను తరగతిలో చెప్పే మొదటి విషయం ఇదే, ఎందుకంటే కోర్టు చుట్టూ తిరగాలన్న భయంతోనే మనవాళ్లు బండి ఆపకుండా వెళ్లిపోతున్నారు.

టెక్కలి కోడలు:

ఫిర్యాదు ఇచ్చాను. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోను చేసి క్లెయిము నంబరు తీసుకున్నాను. పెద్దమనుషులకు కూడా నేనే చెప్పాను, మొదట కోపగించుకున్నా రెండున్నర లక్షల మాట విన్నాక ఊరుకున్నారు. ఆ అబ్బాయి భార్యను ఆసుపత్రిలో కలిశాను. ఆమె దగ్గర వకీలుకు ఇచ్చే డబ్బు లేదు. ఎక్కడికి వెళ్లమనాలి?

శ్రీకాకుళం కోర్టు పని మీద ఉండేవాడిని:

శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, అర్హులకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి ఇచ్చిన గాయాల ధ్రువపత్రం, మందుల బిల్లులు, ఆధార్ కార్డు తీసుకెళ్లమనండి. మీ పాలసీ జిరాక్సు కూడా ఒకటి ఆమె చేతికివ్వండి, ఏ కంపెనీ మీద వేయాలో దాన్నిబట్టే తెలుస్తుంది. పరిహారం దరఖాస్తుకు చట్టంలో 6 నెలల గడువు ఉంది. కట్టు విప్పేదాకా ఆగకుండా ఈ నెలలోనే వేయించమని చెప్పండి.