40 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది

మాది కావలి. వచ్చే నెల చెన్నైలో ఒక మ్యూజియంలో జరిగే పెర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో పాల్గొంటున్నాను. గచ్చు మీద బాసింపట్టు వేసుకుని 40 నిమిషాలు ఎదురుగా కూర్చునే సందర్శకుల కళ్లలోకి చూస్తుండాలి. మాట్లాడకూడదు, కాలు కదపకూడదు. (2010లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి రోజంతా ఇలాగే కూర్చునేవారు గానీ, ఆవిడకి కుర్చీ ఉంది!)

మూడు వారాలుగా పొద్దున 6 గంటలకి మిద్దె మీద సాధన చేస్తున్నా. 18వ నిమిషం దాకా బాగానే ఉంటుంది. తర్వాత ఎడమ పాదం బయటి అంచున చీమలు పాకినట్టు మొదలై, 25కల్లా మోకాలి కింద మొద్దుబారిపోతుంది. లేచాక ఐదారు నిమిషాల్లో సర్దుకుంటుంది. కుడి కాలికి ఏమీ లేదు. నొప్పి లేదు, షుగర్ లేదు, వయసు 34.

దుప్పటి మడిచి కింద వేసుకుంటే నాలుగు నిమిషాలు కలిసొచ్చింది, అంతే. కుడి కాలు పైకి మార్చినా తిమ్మిరి ఎడమదానికే. ప్యాంటు మానేసి పంచె కట్టి చూశా, తేడా లేదు. నిర్వాహకులు కుర్చీకి ఒప్పుకోలేదు, రెండంగుళాల దిండుకి సరేనన్నారు.

కచేరీల్లోనో ధ్యానంలోనో గంటలకొద్దీ కింద కూర్చునేవాళ్లు చెప్పండి: ఆ దిండు ఎక్కడ, ఎలా పెట్టుకుంటే 40 నిమిషాలు కాలు తిమ్మిరెక్కకుండా ఉంటుంది?