'ఎరుగబడిన': ఈ మాట మార్చాలా, ఉంచాలా?

అందరికీ నమస్కారం. ఆదివారం చదవడానికి బైబిల్లో పౌలు రాసిన మొదటి కొరింథీయుల పత్రిక 13వ అధ్యాయాన్ని వాడుక భాషలో రాసిపెట్టమని మా సంఘంలో యవనస్థులు అడిగారు. పదకొండో వచనం దాకా చకచకా సాగింది. పన్నెండులో ఆగిపోయాను. పాత అనువాదం ఇది: "ఇప్పుడు కొంతమట్టుకే యెరిగియున్నాను, అప్పుడు నేను పూర్తిగా ఎరుగబడిన ప్రకారము పూర్తిగా ఎరుగుదును."

ఈ 'ఎరుగబడిన'ను ఏం చేయను? 'బడు' ప్రయోగం తెలుగుకు అతకదని చిన్నప్పుడే నేర్పారు. అన్నం తినబడింది అని ఎవరంటారు? "దేవుడికి నేను తెలిసినట్టే" అని రాసి చూశాను. తప్పు లేదు, కానీ చప్పగా ఉంది. ఎందుకంటారు?

– రెండు క్రియల నడకే వేరండీ. 'నాకు తెలుసు' అన్నప్పుడు మనిషి 'కు' తగిలించుకుని ఓ పక్కన కూర్చుంటాడు, విషయమే వచ్చి అతనికి తెలుస్తుంది. 'నేను ఎరుగుదును'లో మనిషే కర్త. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అనే సామెతలో కూడా అంతే, ఆకలికి 'కు' లేదు. పైగా 'తెలుసు' బాగా పలచబడిపోయింది. "మాకు కలెక్టర్ గారు తెలుసు" అని తిరిగేవాణ్ణి ఆ కలెక్టర్ గారు గుర్తుపడతారన్న గ్యారంటీ ఏముంది? మత్తయి 7:23లో యేసు "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అన్నది సరిగ్గా ఇలాంటివాళ్లతోనే. ఆయన పేరు చెప్పి అద్భుతాలు కూడా చేసినవాళ్లు వాళ్లు! అక్కడ "మీరు నాకు తెలియదు" అని పెట్టండి, పరిచయం లేదన్నట్టు తేలిపోతుంది.

– మా వరంగల్ దిక్కు 'ఎరుక' ఇంకా బతికే ఉందన్నా. పరీక్ష తప్పి ఇంటికొచ్చి, ఎట్ల చెప్పాలా అని టెన్షన్‌తో గడపలో నిలబడ్డా. మా నాయనమ్మ మొహం చూసి "నాకెరుకే బిడ్డా, లోపలికి రా, బువ్వ తిను" అన్నది. మార్కులు ఆమెకు తెలియవు. నన్ను ఎరుగును, అంతే. 139వ కీర్తనలో "మాట నా నాలుకకు రాకమునుపే అది నీకు పూర్తిగా తెలిసియున్నది" అని చదివినప్పుడల్లా ఆ గడపే గుర్తొస్తది.

– అదే కీర్తన మొదటి వచనం "నీవు నన్ను పరిశోధించి తెలిసికొనియున్నావు". ఇప్పటి పిల్లలకు 'పరిశోధించి' అంటే దేవుడు మన మీద పీహెచ్‌డీ చేస్తున్నట్టు వినబడుతుంది. అక్కడి హీబ్రూ మాట యోబు 28లో గనుల్లో చీకటి చివరిదాకా వెతకడానికి కూడా వాడారు. సరే, అది వేరే చర్చ.

అసలు ప్రశ్నకు వస్తే, నా ఓటు 'బడిన'కే. మూలమైన గ్రీకులో కూడా కర్మణి ప్రయోగమే (మన 'బడు' లాంటిదే), అదీ భూతకాలం. ఎవరు ఎరిగారో పౌలు అక్కడ చెప్పలేదు. 'దేవుడు నన్ను ఎరిగినట్టే' అని రాస్తే లేని కర్తను మనం తెచ్చిపెట్టినట్టు. గలతీయులు 4:9లో మాత్రం "దేవునిచేత ఎరుగబడినవారు" అని విప్పి చెప్పాడు. అక్కడ కూడా ముందు "దేవునిని ఎరిగినవారు" అని, వెంటనే "మరి విశేషముగా" అంటూ తిప్పుకున్నాడు, చూడండి. ఇక కొరింథీయుల్లో కాలాలు గమనించండి. ఎరుగబడటం అయిపోయింది. ఎరగడం ఇంకా రావాలి. ఇప్పుడు అద్దంలో చూసినట్టు చూస్తున్నామని అదే వచనం మొదట్లో ఉంది కదా, నన్ను ముందే ఎరిగినవాణ్ణి నేను ఆ మసక అద్దంలో వెతుక్కుంటున్నాను. అప్పటి అద్దాలు నునుపు చేసిన లోహపు రేకులే కదా.

– అందరికీ థ్యాంక్స్. ఇలా రాశాను: "ఇప్పుడు నేను ఎరిగింది కొంతే. నేను పూర్తిగా ఎరుగబడినట్టే, అప్పుడు పూర్తిగా ఎరుగుతాను." 'ఎరుగుతాను' మీ నోటికి పలుకుతోందా? మా ఇంట్లో ఇద్దరు పలకలేదన్నారు, ఒకరు బాగుందన్నారు.