ప్రభువుకి ఇల్లంతా ఇచ్చాను, ఒక్క పుస్తకం తప్ప

యార్డు గుమాస్తా, గుంటూరు:

అందరికీ వందనాలు. ఈ మాట మా సంఘంలో అడగలేను, అక్కడ అందరూ ఎరిగినవాళ్లే. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, ఎవరి పేరున ఎంత జమ, ఎంత ఖర్చు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చిన తర్వాత ప్రభువుని నమ్ముకున్న తొలి కుటుంబాల్లో మాదీ ఒకటని మా నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆదివారం గుళ్లో కానుకల లెక్క చూసేది కూడా నేనే. పైకి చూస్తే నాకు ఏ లోటూ లేదు.

మూడేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నాం. గృహప్రతిష్ఠ రోజు మా పాస్టరు అయ్యగారు గదిగదికీ తిరిగి ప్రార్థన చేశారు. హాల్లో, వంటింట్లో, పిల్లల గదిలో, చివరికి పైన నీళ్ల ట్యాంకు దగ్గర కూడా. మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. చుట్టాలొస్తున్నారని పాత సామానంతా అందులో కుక్కేసి తాళం వేశాం. విరిగిన కుర్చీలు, మిగిలిన సిమెంటు సంచులు, మా నాన్న మంచం. అయ్యగారు ఆ తలుపు ముందు ఆగి "ఇదేంటమ్మా?" అన్నారు. "స్టోర్ రూమండీ అయ్యగారూ, లోపల కాలు పెట్టే వీల్లేదు" అంది మా ఆవిడ. ఆయన నవ్వి, తలుపు మీద చెయ్యి ఆనించి ప్రార్థన చేసి, భోజనాలకి వచ్చేశారు.

ఇక అసలు సంగతి. నా బీరువాలో బట్టల కింద ఒక నోటుపుస్తకం ఉంది. 2019 జూన్‌లో మా బావ (మా అక్క భర్త) ట్రాలీ ఆటో కొనుక్కుంటానని నా దగ్గర 1,80,000 తీసుకున్నాడు. రెండు రూపాయల వడ్డీ. నాలుగు నెలల్లో ఇచ్చేస్తానన్నాడు. ఒక్క రూపాయి రాలేదు. అడిగితే మొదట్లో "వచ్చే నెల" అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖు రాత్రి అందరూ పడుకున్నాక ఆ పుస్తకం తీసి 3,600 కలుపుతాను. కింద రెండు గీతలు గీస్తాను. 2025 జూన్‌కి 72 నెలలు నిండాయి. వడ్డీయే 2,59,200. అసలుతో కలిపి 4,39,200.

ఆ డబ్బు రాదని నాకు తెలుసు. అయినా ఆ గీతలు గీసేటప్పుడు ఒక హాయి ఉంటుంది. పుండు చుట్టూ గోక్కుంటే వచ్చే హాయి లాంటిది.

పోయిన నెల అయ్యగారు ఎఫెసీ పత్రికలోంచి చెప్పారు. క్రీస్తు మీ హృదయాల్లో 'నివసించాలి' అన్నాడు పౌలు, చుట్టపుచూపుగా వచ్చి పోవాలని అనలేదు అన్నారు. చుట్టం హాల్లో కూర్చుంటాడు, కాఫీ ఇస్తే తాగుతాడు. కాపురం ఉండేవాడు బీరువా కూడా తీస్తాడు అన్నారు. ఆ బీరువా అన్న మాటకి నాకు చెమట పట్టింది.

అప్పటి నుంచి రోజూ "ప్రభువా, నాలోని ఈ కోపం తీసేయి" అని ప్రార్థన చేస్తున్నాను. నిజం చెప్పాలంటే, నిజంగానే తీసేస్తాడేమోనని భయం కూడా వేస్తోంది. అది పోతే నా దగ్గర ఏం మిగులుతుంది? పిలవాలని మనసులోనే లేనప్పుడు ఆయన్ని ఆ గదిలోకి ఎలా పిలవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. "బాగా ప్రార్థన చెయ్యండి బ్రదర్" అని మాత్రం రాయకండి, దండం పెడతాను.

రిటైర్డ్ సిస్టరమ్మ, తెనాలి:

బాబూ, నేను 34 ఏళ్లు నర్సుగా చేశాను. నా సంగతి కూడా ఎవరికీ చెప్పనిదే, నీ కోసం చెబుతున్నాను.

మా ఆయన తాగేవాడు. పంతొమ్మిదేళ్లు భరించాను. ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. హాయిగా అనిపించింది. అందరూ పక్కన కూర్చుని ఏడుస్తుంటే నేను "ఇవాళ రాత్రి తలుపు గడియ పెట్టుకుని పడుకోవచ్చు" అనుకున్నాను. ఆ మాట దేవునికి చెప్పడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

ఎందుకో తెలుసా? మన ప్రార్థన భాష వల్ల. చిన్నప్పటి నుంచి మనం "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ దాసురాలిని కనికరించుము" అంటూ ప్రార్థిస్తాం. ఆ భాష తప్పని కాదు, నాకూ ఇష్టమే. కానీ "మొగుడు పోతే నాకు హాయిగా ఉంది" అన్న మాట ఆ భాషలో పలకదు బాబూ, ఎంత తిప్పినా "నా హృదయ కాఠిన్యమును క్షమించుము" అయి కూర్చుంటుంది. అందులో నేనూ లేను, మా ఆయనా లేడు. ఒకరోజు పొద్దున బియ్యం కడుగుతూ మా అమ్మతో మాట్లాడినట్టు అనేశాను: "అయ్యా, నాకు హాయిగా ఉంది. అలా ఉండకూడదని తెలుసు. అయినా హాయిగానే ఉంది, నేనేం చెయ్యను?" అంతే. ఏ వెలుగూ రాలేదు, ఏ స్వరమూ వినపడలేదు. అన్నం ఉడికింది, తిని డ్యూటీకి పోయాను. మూడు రోజుల తర్వాత బస్సులో ఉండగా మా ఆయన కోసం ఏడుపొచ్చింది, పదకొండేళ్లలో మొదటిసారి. కండక్టరు కంగారుపడ్డాడు పాపం.

వార్డులో డ్రెస్సింగ్‌కి వెళితే కొందరు చెయ్యి పట్టేసుకుంటారు. "పైనుంచే మందు పొయ్యండి సిస్టర్, కట్టు విప్పొద్దు" అంటారు. నీ ప్రార్థన నాకు అలా కనబడుతోంది. దావీదు 139వ కీర్తనలో ముందు నయం చెయ్యమనలేదు, "నన్ను పరిశోధించు" అన్నాడు, అంటే చూడమన్నాడు. నువ్వు కూడా కోపం తీసేయమని అడగడం కొన్నాళ్లు ఆపు. ఆ పుస్తకం తీసి ఆయనకి చూపించు. పైకి చదువు. నీ యాసలోనే చదువు. ఇవ్వనని ఉంటే ఇవ్వనని కూడా చెప్పు.

ప్లీడరు గుమాస్తా, ఒంగోలు:

నాది వేరే కోణం, ఏమనుకోకండి. ప్రామిసరీ నోటు రాయించుకున్నారా? రాయించుకున్నా, మధ్యలో వాయిదా కట్టి సంతకం పెట్టకపోతే దాని గడువు మూడేళ్లే (కాలపరిమితి చట్టం, 1963). కోవిడ్ మూలంగా సుప్రీంకోర్టు 15-3-2020 నుంచి 28-2-2022 వరకు ఉన్న రోజుల్ని లెక్కలోంచి తీసేసింది. అది కలుపుకున్నా మీ నోటు 2024 మధ్యలోనే కాలదోషం పట్టిపోయింది. అంటే మీరు నెలనెలా కలిపే 3,600 ఏ కోర్టులోనూ చెల్లదు. అది మీ బీరువాలో మాత్రమే ఉన్న బాకీ.

ఇంకో మాట. క్షమించడం వేరు, డబ్బు అడగడం వేరు. కోపం లేకుండా కూడా బాకీ అడగొచ్చు. మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో సగం మందికి ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి.

డాలస్ తెలుగోడు:

అన్నా, మా అమ్మవాళ్ల ఇంట్లో క్యాలెండర్ మీద యేసు ప్రభువు తలుపు తడుతున్న బొమ్మ ఉండేది. అది నమ్మనివాళ్ల కోసం అనుకునేవాణ్ని. ప్రకటన గ్రంథం తీసి చూస్తే 3వ అధ్యాయంలో ఆయన తడుతున్నది లవొదికయ సంఘం తలుపు. లోపలున్నది విశ్వాసులే.

ఆ ఊరు (ఇప్పటి టర్కీలో దెనిజ్లీ దగ్గర) డబ్బు లావాదేవీలకీ, ఉన్నికీ పేరున్న ఊరు. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి పడిపోతే రోము సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ కట్టుకున్నారు. ఆ సంఘం చెప్పుకున్న "నాకేమియు కొదువలేదు" అనే మాట అలాంటి ఊరికే సరిగ్గా అతుకుతుంది. మీరు కూడా "పైకి చూస్తే నాకు ఏ లోటూ లేదు" అని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను.

ఆయన లోపలికొచ్చి తనిఖీ చేస్తానని అనలేదు, కలిసి భోజనం చేస్తానన్నాడు. నేను ఆడిటర్ వస్తున్నాడనుకుని చాలా ఏళ్లు తలుపు తియ్యలేదు. నా గది వేరేలెండి, దాని గురించి ఇంకోసారి.

యార్డు గుమాస్తా, గుంటూరు:

అందరికీ వందనాలు. ప్లీడరు గుమాస్తాగారూ, నోటు ఉంది, మీరన్నట్టే కాలదోషం పట్టింది. చదివి రెండు రోజులు మీ మీద కూడా కోపంగా ఉన్నాను.

అమ్మా, మీరు చెప్పినట్టు మొన్న రాత్రి పుస్తకం తీశాను. పైకి చదవాలంటే ఇంట్లో చోటు లేదు, పిల్లలు లేస్తారు. ఆ స్టోర్ రూమ్ తాళం తీసి, సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని, మా నాన్న మంచం మీద కూర్చున్నాను. సిమెంటు వాసన, దోమలు. "ప్రభువా, ఇది మా బావ లెక్క. ఇది వదలాలని నాకు లేదు" అన్నాను. తర్వాత కొట్లో షావుకారుకి చదివి వినిపించినట్టు నెలనెలా చదువుకుంటూ పోయాను. 2019 జూలై, 3,600. ఆగస్టు, 3,600.

2021 మే దగ్గర నోరు ఆగిపోయింది.

ఆ నెలలో మా నాన్న కరోనాతో ఆసుపత్రిలో ఉన్నాడు. నేను ఇంట్లో జ్వరంతో లేవలేని పరిస్థితి. కౌంటర్లో అడ్వాన్సు 40,000 కట్టింది బావ. పదకొండు రాత్రులు గేటు బయట ఆటోలో పడుకున్నాడు. నాన్నని మట్టి చేసేటప్పుడు సమాధుల దొడ్డిలో ఉన్నది నలుగురు. నేను లేను, బావ ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా జమాఖర్చులు రాసేవాణ్ని, ఆ 40,000 నా పుస్తకంలో ఎక్కడా జమ లేదు. మర్చిపోలేదమ్మా. రాయలేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి: అది గుర్తు రాగానే నా బుర్ర, 40,000 జమ వేస్తే అసలు 1,40,000కి దిగుతుంది, వడ్డీ నెలకి 2,800 అవుతుంది అని లెక్క కట్టేసింది. అలాగే పైకి చెప్పాను ప్రభువుకి, దాచలేదు. పదకొండు రాత్రుల్ని మాత్రం ఏ పద్దు కింద రాయాలో తోచలేదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ మంచం మీదే నిద్రపోయినట్టున్నాను, మా ఆవిడ పొద్దున లేపింది. "ఇక్కడేంటి?" అంది. పుస్తకం ఆమెకి కూడా చూపించాను. ఆమెకి ఇంతకు ముందే తెలుసట, బట్టలు సర్దేటప్పుడు చూసిందట.

బావకి ఫోన్ ఇంకా చెయ్యలేదు. చేస్తే ఏం మాట్లాడాలో తెలియదు. కోపం పోయిందా అంటే, పోలేదు, అక్కడే ఉంది. పుస్తకం ఇప్పుడు హాల్లో బైబిలు పక్కన ఉంది. ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుంది.