ఉప్పెన చూసిన నాయనమ్మ దగ్గర ధైర్యం నేర్చుకోవడం ఎలా?

దివి కుర్రాడు:
మాది కృష్ణా జిల్లా దివిసీమలో నాగాయలంక వైపు పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా నాయనమ్మ ఇద్దరు పిల్లల్ని, అత్తగారిని పోగొట్టుకుంది. నాన్న ఆ తర్వాత పుట్టాడు. ఈమధ్య నా ఉద్యోగం పోయింది. ఊరొచ్చి ఉంటున్నా. నిద్ర పట్టదు, ఫోన్ మోగితే టెన్షన్. ఆవిడ మాత్రం పడుకున్న వెంటనే గురక పెడుతుంది! "అంత కష్టం ఎలా తట్టుకున్నావే?" అంటే "ఏం చేస్తాంరా, బతకాలిగా" అని లేచిపోతుంది. మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లుంటే ఏం నేర్చుకున్నారో చెప్పండి.

అవనిగడ్డ అక్క:
తమ్ముడూ, మా అమ్మమ్మది సొర్లగొంది దగ్గర. ఎలా తట్టుకున్నావని అడిగితే ఎవరూ చెప్పలేరు. మర్నాడు ఏం తిన్నారు, మంచినీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు అని అడిగి చూడు. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు అడిగిన సంగతి అందరూ చెబుతారు. ఇళ్లలో ఎలా గడిచిందో అడిగితేనే బయటికొస్తుంది.

ఆ రాత్రంతా అమ్మమ్మ తుమ్మచెట్టు పట్టుకుని ఉంది. ముళ్లు దిగిన మచ్చలు ముంజేతి మీద చివరిదాకా ఉన్నాయి. ఆ కథ రెండు ముక్కల్లో తేల్చేసేది. గంటసేపు చెప్పేదల్లా తర్వాతి సంగతులే. బావుల్లో ఉప్పునీళ్లు, బియ్యం కోసం కట్ట మీద పడిగాపులు, ఒకే పొయ్యి మీద నాలుగిళ్ల వంట. పక్కింటామె మొగుడు పోయి అన్నం ముట్టకపోతే, ఓదార్చడం చేతగాక ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మంట ఎగదోయమనేదట. అక్కడ కూర్చున్నాక వండింది ఎలాగూ తినేది. అమ్మమ్మది రాతిగుండేమీ కాదు, ఎవర్నీ ఒంటరిగా వదల్లేదంతే.

ఇంతకీ ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పావా? నీ మాటల్లో ఎక్కడా కనబడలేదు.

కోడూరు మావయ్య:
పెద్దవాళ్లను మరీ ఉక్కుమనుషుల్ని చేయకండి బాబూ. పది వేల మందికి పైగా పోయారని ప్రభుత్వ లెక్క. మా నాన్న శవాలు ఎత్తినవాళ్లలో ఒకడు. తర్వాత రేడియోలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, పాసుపుస్తకం, బ్యాటరీ లైటు, ఒక పంచె సంచిలో సర్దుకుని తెల్లవార్లూ అరుగు మీద కూర్చునేవాడు. మేం నవ్వేవాళ్లం. ఇప్పుడైతే డాక్టరుకు చూపించేవాళ్లం. నీకూ ఇలాగే నిద్ర పట్టకపోతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

దివి కుర్రాడు:
చెప్పలేదక్కా. సెలవు మీద వచ్చానన్నా. మీరన్నట్టు నీళ్ల సంగతి ఎత్తితే నాయనమ్మ రాత్రి పొద్దుపోయేదాకా చెబుతూనే ఉంది. పోయిన పిల్లల పేర్లు మొదటిసారి ఆవిడ నోట విన్నా. చివర్లో, "ఇన్నాళ్లు సెలవిచ్చే కంపెనీ ఏదిరా?" అంది. చెప్పేశా. కాసేపు ఏమీ అనలేదు. రేపట్నుంచి పాలకేంద్రంలో పాలు నేనే పోసి రావాలట.