పొద్దంతా కూర్చునే ఉంటున్నా, సాయంత్రం పరుగులో కాళ్లు లేవడం లేదు. ఎందుకు?

కానిస్టేబుల్ ప్రిపరేషన్:
చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున కూర్చుంటే సాయంత్రం ఐదు దాకా అర్థమెటిక్, రీజనింగ్, అన్నం బాక్స్ తెరవడానికి తప్ప లేచేది లేదు. తర్వాత గ్రౌండ్‌కి వెళ్లి 1600 మీటర్లు పరుగెత్తితే 7 నిమిషాల 40 సెకన్లు పడుతోంది. ఆదివారం పొద్దున్నే అయితే 6:55. ఒళ్లు కదలనే లేదు కదా, మరి మూడో రౌండ్‌కే కాళ్లకు రాళ్లు కట్టినట్టు ఎందుకుంటోంది? ఏదైనా జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది.

పీఈటీ మాస్టారు:
తమ్ముడూ, 2009లో వేల్స్‌లోని బాంగర్ యూనివర్సిటీలో మార్కోరా బృందం 16 మందితో సరిగ్గా ఇదే చూసింది. ఒకరోజు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు బుర్ర వేడెక్కే పని, ఇంకోరోజు అంతసేపూ డాక్యుమెంటరీ, రెండు రోజులూ తర్వాత ఓపిక ఉన్నంతవరకు సైకిల్ తొక్కించారు. బుర్రకు పని పెట్టిన రోజు దాదాపు 15 శాతం ముందే ఆపేశారు. గుండె, ఊపిరి కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, అదే తొక్కుడు వాళ్లకు మొదటి నుంచీ బరువుగా అనిపించింది, అంతే. నీ కాళ్లకేం కాలేదు. ఈవెంట్స్, అంటే సెలక్షన్ పరుగు పరీక్షలు పెట్టేది ఎలాగూ పొద్దున్నే కాబట్టి, టైమ్ చూసుకునే పరుగును పుస్తకం తెరవకముందే పెట్టుకో.

నిజామాబాద్ అక్క:
మా అమ్మ పొద్దంతా నాట్లేసి వచ్చి నడుం పట్టేసిందనేది, అయినా అరుగు మీద కూర్చుని అందరితో కబుర్లు చెప్పి, తిని పడుకుంటే తెల్లారేసరికి మామూలే. నాది మాత్రం బుర్ర అలసట, బ్యాంక్ పరీక్షలకు చదివేటప్పుడు బ్రేక్ పేరుతో రీల్స్ చూసేదాన్ని. మళ్లీ పుస్తకం పడితే ఒకే లైన్ మూడుసార్లు చదివినా ఎక్కేది కాదు. ఫోన్ బ్యాగులో పడేసి పది నిమిషాలు నడిచి రావడం మొదలుపెట్టాకే తేడా తెలిసింది. రాత్రి టీ తాగి మేలుకుంటున్నావా? మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, టీలో ఉండే కెఫీన్ దాన్ని పనిచేయకుండా అడ్డుకుంటుందే తప్ప తీసేయదు, అది తగ్గేది నిద్రలోనే.

కానిస్టేబుల్ ప్రిపరేషన్:
అవునక్కా, రాత్రి పదకొండుకు టీ తాగుతున్నా. నాలుగు రోజులుగా మానేసి త్వరగా పడుకుంటున్నా, ఫోన్ కూడా లాకర్‌లోనే. నిన్న సాయంత్రం 7:21. మూడో రౌండ్ బరువుగానే ఉంది కానీ ఆగిపోవాలని అనిపించలేదు. మాస్టారూ, స్క్వాట్స్ మొదలుపెట్టాక రెండో రోజు తొడల నొప్పి ఎక్కువైంది, పరుగెత్తొచ్చా?

పీఈటీ మాస్టారు:
కొత్తగా చేసినప్పుడు ఆ నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది. మెల్లగా జాగింగ్ చెయ్యి, టైమింగ్ వద్దు. సరిగ్గా తిని, పడుకుని కూడా మూడు వారాల తర్వాత నీరసం ఇలాగే ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకుని హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల గురించి అడుగు.